గట్టు మీద మూడు రోజులు

సెలవు అనే మాట నేను బడికి పోయిందాకా మా ఇంట్లో వినపళ్ళేదు. మా నాయనకి పని ఉన్న రోజు, పని లేని రోజు అని రెండే రకాలు. పని లేని రోజు పస్తు రోజు. దాన్ని సెలవని ఎవరంటారు? మిషను హాస్టల్లో చేరిన కొత్తలో నేను ఇంటికొచ్చి 'దసరా సెలవలిచ్చారు' అని గొప్పగా చెప్తే, 'అయితే ఈ పది దినాలు నీకు బువ్వెవురు పెడతారంట?' అని అడిగింది మా అమ్మ. హాస్టలు పిలకాయకి సెలవంటే హాస్టలు బువ్వ ఆగిపోవటమే. ఆమె అడిగింది సరైన ప్రశ్న.

మా నాయన పడవ కూలి. పడవ పని అంటే పడవెక్కి కూర్చుని చేసే పని అనుకుంటారు చాలామంది. ఆయన పనంతా నేల మీదే. బకింగ్‌హాం కాలవ గట్టున, భుజానికి తాడేసుకుని, నేలని చూస్తూ ముందుకు వొంగి, ఉప్పు పడవని లాక్కుంటూ పోవటం. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి చాలకపోతే గెడ వేసేవాళ్ళు. గాలి పూర్తిగా పడిపోతే తాడు. ఆ తాడు పట్టేది మాదిగోళ్ళం.

ఒక్క పడవ మీద ఊరంతా ఉంటుంది. పడవ షావుకారుది. ఆయన పడవెక్కడు, టౌన్లో కొట్టు దగ్గర కూర్చుని లెక్క రాసుకుంటాడు. పడవ మీద పెత్తనం సరంగుది. ఆయన పల్లెకారు. చుక్కాని ఆయన చేతిలో ఉంటుంది, మంచినీళ్ళ కుండ ఆయన కాళ్ళ దగ్గర ఉంటుంది. గెడ వేసేవాళ్ళు ఆయన వాళ్ళే. తెరచాప ఎత్తినప్పుడు తాడు కూలీలు పడవెక్కొచ్చు. ఎక్కినా ముందు మొన దగ్గర ఉప్పు రాశికి ఇవతలే కూర్చోవాలి. వెనక్కి పోగూడదు. బకింగ్‌హాం కాలవ నీళ్ళు సముద్రపు పోటుతో ఉప్పగా ఉంటాయి. నోట్లో పోసుకునేవి కావు. దాహమైతే మా నాయన దోసిలి పడితే పైనించి పోసేవాళ్ళు. పక్కనే అంత నీళ్ళు. గుక్కెడు నీళ్ళకి మాత్రం దోసిలి పట్టి నిలబడాలి.

ఈ కాలవ సంగతి నాలుగు మాటలు చెప్పకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. 1806లో మద్రాసు పక్కన కాక్రేన్ అనే తెల్లవాడి పేరుతో చిన్నగా మొదలైంది. తర్వాత ముక్కలు ముక్కలుగా పెరిగింది. 1876-78 కరువు, మా ముసలోళ్ళు ధాత కరువు అనేవాళ్ళు, ఆ కరువులో కూలి పని కింద మిగిలిన ముక్కల్ని తవ్వించి కలిపారు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఉత్తరాన మన పెదగంజాం నుంచి దక్షిణాన తమిళ దేశంలో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలవ కలుస్తుంది. దాని మీదుగా దుగ్గిరాల, అక్కణ్ణించి కృష్ణ. అట్లా ఉత్తరానికి ఉప్పు పోయేది, దక్షిణానికి ధాన్యం, కట్టెలు పోయేవి.

ఆ కరువులో కూలీలకి ఎంతిచ్చారో కూడా చెప్పాలి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి వచ్చి, రోజంతా మట్టి తవ్వే మొగమనిషికి ఒక పౌను ధాన్యం, పైన కొంచెం డబ్బు చాలని కూలి తగ్గించాడు. పౌను అంటే అర కేజీకి తక్కువ. చచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలవలో మూడున్నర మైళ్ళ ముక్కని తానే కాంట్రాక్టు తీసుకుని, చుట్టుపక్కల మాదిగపల్లెల నుంచి వచ్చిన జనానికి పని చూపించాడు. కరువు కాలంలో బాప్తిస్మం ఇస్తే కూటి కోసం వస్తారని ఆపి ఉంచాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది మా అవ్వ దగ్గర ఉండేది. ఆ మట్టి తవ్వినవాళ్ళలో ఆమె తాత ఒకడు. 'కాలవకి దొర పేరు పెట్టుకున్నారు, గంప మోసింది మా తాత' అనేది అమ్మకి అమ్మ అయిన మా అవ్వ. ముత్తాత తవ్విన కాలవ గట్టు మీద మునిమనవరాలి మొగుడు తాడు లాగాడు. నూరేళ్ళలో మాకు దక్కిన ఎదుగుదల అదీ.

1970లో ఈస్టరు మార్చి 29న వచ్చింది. ఒంగోలు జిల్లా పుట్టి అప్పటికింకా రెండు నెలలు నిండలేదు. నాకు పన్నెండేళ్ళు. హాస్టలు సెలవలిచ్చారు. మా నాయన లాగే ఉప్పు పడవ బుధవారం పొద్దుగూకే వేళ మా పల్లె దగ్గర గట్టుకొచ్చింది. ఈస్టరుకి మేము పెద్దమ్మ వాళ్ళ ఊరు పోవాలి. అవ్వ అక్కడే ఉండేది. నడిచిపోతే ఒకటిన్నర రోజు దారి, చెల్లెలు చిన్నది. 'దోవలోనే గదా సరంగయ్యా, మొన దగ్గర కూసుంటారు, నీ కాళ్ళకి అడ్డం రారు' అని మా నాయన బతిమాలితే సరంగు ఒప్పుకున్నాడు. మమ్మల్ని దింపి మా నాయన పడవతో పాటు ముందుకు పోవాలి. ఆయనకి ఈస్టరు లేదు. అంతకు ముందు మూడేళ్ళు ఆయన పండగ నాడు ఏ లాకు దగ్గర ఉన్నాడో కూడా మాకు తెలవదు.

దక్షిణపు గాలి తిరిగిన రోజులు. గురువారం పొద్దున తెరచాప పొంగి, పడవ దానంతట అదే ఉత్తరానికి జారతా పోయింది. మా నాయన ఊరికే కూర్చోవటం నేను మొదటిసారి చూశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని గట్టు వంక చూస్తా ఉన్నాడు. 'అదో, ఆ తాడిచెట్టు కాడ్నించి ఈడ దాకా బురద. కాలు దిగబడుద్ది' అని నాకు చూపించాడు. సరుగుడు తోటలు, ఉప్పుమడులు, తెల్ల కొంగలు నాకు కనపడుతుంటే, ఆయనకి గట్టు మీద ముళ్ళున్న చోటు, గులకరాయున్న చోటు కనపడుతున్నాయి. మధ్యాన్నం చెల్లెలు దాహం దాహం అని ఏడ్చి కుండ వైపు పోబోతే అమ్మ రెక్క పట్టుకుని వెనక్కి లాగి వీపు మీద ఒకటేసింది. సరంగు ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు గదా. ఆ పని మా చేతే చేయిస్తది కులం.

శుక్రవారం పొద్దున పెద్దమ్మ వాళ్ళ ఊరి లాకు దగ్గరికి చేరేసరికి మా ముందు నాలుగు పడవలు ఆగి ఉన్నాయి. లాకు తలుపు ఒకటి దెబ్బతిని పైకీ కిందికీ కదలటం లేదు. బాగు చేసే మనిషి ఒంగోలు నుంచి రావాలి. మంచి శుక్రవారం సర్కారు సెలవు, తర్వాత శని, ఆదివారాలు. 'సోమవారం గాని రారు' అని లస్కరు చెప్పి బీడీ ముట్టించుకున్నాడు. సరంగు బూతులు తిట్టాడు. మా నాయన ఏమీ మాట్లాడలేదు గానీ, తాడు చుట్టగా చుట్టి మొన దగ్గర పెట్టి, తలగుడ్డ దులిపి మళ్ళీ కట్టుకున్నాడు. 'మూడు దినాలు' అన్నాడు అమ్మతో. అంతే. అది ఆయనకి దొరికిన సెలవు. ఇచ్చింది షావుకారు కాదు, సర్కారూ కాదు. విరిగిన తలుపు ఇచ్చింది.

మాతోపాటు మిగతా పడవల తాడు కూలీలు కూడా దిగారు. పది పన్నెండు మంది. రకరకాల ఊళ్ళ మాదిగలు, మాలలు. నా ఈడు పిలకాయలు ఇద్దరున్నారు వాళ్ళతో. బడి మొహం చూడనివాళ్ళు, ఎనిమిదేళ్ళకే గట్టు మీద నాయనల వెనక నడిచినవాళ్ళు. పెద్దమ్మ వాళ్ళ మాదిగపల్లె అందరినీ చేర్చుకుంది. ఏ ఇంటికి ఎవరు అని లెక్కేసుకోలేదు. ఆ ఇంట్లో సంగటి, ఈ ఇంట్లో ఎండుచేపల పులుసు. శుక్రవారం మధ్యాన్నం చర్చిపాకలో ఏడు మాటల ఆరాధన. మూడు గంటలు చెమటలు కారతా కూర్చున్నాం. ఎండలో తాడు లాగే మనుషులు నీడపట్టున కూర్చుంటే ఆపుకోలేక నిద్రపోయారు. పంతులు గారు చూసి కూడా లేపలేదు. 'పోనీలేరా, ఆయన కూడా దప్పిగొంటున్నాను అనే గదా అడిగింది, వీళ్ళ దప్పి వీళ్ళకి తెలుసు' అంది అవ్వ.

శనివారం లాంటి రోజు నా చిన్నతనంలో ఇంకోటి లేదు. పొద్దున్నే పిలకాయలందరం కాలవలో పడ్డాం. పడవ పిలకాయలు నీళ్ళలో చేపల్లాంటివాళ్ళు. పీతల్ని బొరియల్లోంచి చెయ్యి పెట్టి తీయటం నేర్పించారు. నేను వాళ్ళకి ఇసక మీద వాళ్ళ పేర్లు రాసి చూపించాను. ఒకడు తన పేరు మీద కాలు పడకుండా చుట్టూ గీత గీసుకున్నాడు. మొగవాళ్ళు సమాధుల మీద మొలిచిన తుమ్మ మొక్కలు కొట్టేశారు. ఆడవాళ్ళు సున్నం కొట్టారు. సాయంత్రం పెద్దకూర వచ్చింది. ఆదివారానికని ఉప్పు, పసుపు పట్టించి దండేల మీద ఆరేశారు. మా నాయన చెల్లెల్ని భుజానికెత్తుకుని పల్లె అంతా తిరిగాడు. తాడుండే భుజం మీద. ఎవరు పిలిస్తే వాళ్ళింటి ముందు కూర్చున్నాడు. ఆయన నవ్వితే ఎడమ పక్క పన్ను ఒకటి లేదని నాకు ఆ రోజే తెలిసింది.

సమాధుల తోట కాలవకి అవతల ఉంది. పల్లె ఇవతల ఉంది. దాటటానికి లాకు మీది వంతెన ఒకటే. ఆ వంతెన ఎక్కాలంటే ఊరి వైపు గట్టు మీదుగా పోవాలి. ప్రతి ఏడూ ఈస్టరు తెల్లవారుజామున మనవాళ్ళు ఒక్కొక్కరుగా, చెప్పుల్లేకుండా, దీపాలు ముట్టించకుండా వంతెన దాటి, అవతల చేరాక కొవ్వొత్తులు వెలిగించుకుని పాట ఎత్తుకునేవాళ్ళు. ఈసారి తాడు కూలీలతో కలిసి జనం వంద దాటారు. పల్లె నుంచే దీపాలతో, పాటలతో పోదామని కుర్రవాళ్ళు అనుకున్నారు. ఆ మాట ఊళ్ళోకి పోయింది. శనివారం దీపాల వేళ మునసబు మనిషి వచ్చి పల్లె బయట నిలబడి చెప్పిపోయాడు. 'ఎప్పుడు పోయినట్టే పొండి. గుంపుగా, పాటలతో వంతెనెక్కితే బాగుండదు. పడవలోళ్ళని చూసుకుని ఎగరబాకండి. వాళ్ళు రేపు పోతారు, మీరు ఈడుండేవాళ్ళు.'

వంతెన సర్కారుది. అంటరానితనం నేరాల చట్టం 1955లో వచ్చింది. అప్పటికి పదిహేనేళ్ళు. రాజ్యాంగం 17వ అధికరణానికి ఇరవై ఏళ్ళు. ఈ సంగతులు ఆ పల్లెలో ఎవరికీ తెలవవు, నాకూ తెలవదు. తెలిసిన మునసబుకి మాకు చెప్పాల్సిన పని లేదు.

ఆ రాత్రి చర్చిపాక ముందు పెద్ద కూటం. పంతులు గారు మెల్లగా చెప్పారు, 'దేవుడు పాట చూస్తాడు గానీ వంతెన చూడడు, ఎప్పటిలాగే పోదాం.' కుర్రవాళ్ళు కర్రలు తీసుకుని పోదామన్నారు. పెదనాయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన మునసబు దగ్గరే జీతం. మూడేళ్ళ పాలేరుతనం అప్పులో ఇరుక్కుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేదు. అప్పుడు అవ్వ లేచింది.

'ఈ కాలవ యాడ్నించి వచ్చింది? మా తాత గడ్డపార పట్టకముందు ఈడ ఇసక దిబ్బ. పౌను గింజలకి తవ్వాడంట. ఆయన పక్కన తవ్వతా తవ్వతా చచ్చినోళ్ళని ఈ గట్టు మట్టిలోనే పూడ్సారంట. వాళ్ళ మీద నడిసేదానికి నేను మునసబుని అడగాల్నా? డెబ్బై ఏళ్ళ ముసిల్దాన్ని, నా మొగుణ్ణి సూసేదానికి దొంగలాగా పోవాల్నా?'

ఎవరూ మాట్లాడలేదు. మా నాయన మామూలుగా నలుగురిలో నోరెత్తే మనిషి కాదు. అడిగిందానికే సగం జవాబు చెప్తాడు. ఆయన అన్నాడు, 'అత్తా, వంతెనే గావాల్నా? పడవలుండాయి గదా.'

ఆ మాట అర్థం కావటానికి జనానికి కొంచెంసేపు పట్టింది. పడవల్ని కాలవకి అడ్డంగా తిప్పి ముక్కుకి ముక్కు ఆనించి కడితే, ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టు దాకా దారి అవుతుంది. తాళ్ళు మా దగ్గరే ఉన్నాయి. పడవలు మాత్రం మావి కావు.

మా నాయన, ఇంకో ఇద్దరు కూలీలు సరంగు దగ్గరికి పోయారు. నేనూ వెనకాలే పోయాను. సరంగు పడవ మీద వంట చేసుకుంటున్నాడు. విని చాలాసేపు కట్టె ఎగదోసుకుంటా కూర్చున్నాడు. ఆ రోజు పొద్దున ఆయన మంచినీళ్ళకి ఊరి బావి దగ్గరికి పోతే, పడవవాళ్ళు కుండకి ఇంత అని కట్టాలని, అదీ వాళ్ళే తోడి పోస్తారు గానీ బొక్కెన ముట్టుకోగూడదని చెప్పారంట. డబ్బులిచ్చి తెచ్చుకున్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు. చివరికి అన్నాడు, 'వంతెన వోళ్ళది అనుకో. నీళ్ళు వోళ్ళ బాబువి గాదు గదా. పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపు నా మాట. తెల్లారేలోపు తిప్పుకోండి. ఎండెక్కకముందు మళ్ళీ యథాపెకారం ఉండాల. షావుకారికి తెలిసిందంటే మాత్రం నేను నీ మొకం సూళ్ళేదు, నువ్వు నా మొకం సూళ్ళేదు.' రెండో పడవ సరంగుని ఆయనే ఒప్పించాడు.

నాలుగో జాములో పడవలు తిప్పారు. ఆ పని చూడాలి. ఉప్పుతో బరువెక్కిన పడవలు. ఎప్పుడూ ఒకే దిక్కుకి లాగే మనుషులు ఇప్పుడు రెండు గట్ల మీద నిలబడి ఎదురెదురుగా లాగారు. అరుపుల్లేవు. నీళ్ళలో గెడ పడ్డ చప్పుడు, ఊపిరి చప్పుడు. మా నాయన నడుం లోతు నీళ్ళలో నిలబడి రెండు మొనల్ని కలిపి తాడుతో పెనవేశాడు. గట్టు నుంచి పడవకి బల్లచెక్కలు వేశారు. సగం చంద్రుడు నెత్తి మీదున్నాడు. పల్లెలోనే కొవ్వొత్తులు ముట్టించుకున్నారు. గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, చర్చిపాక దగ్గరే పాట ఎత్తుకుని, నూటికి పైగా జనం ఆ పడవల మీదుగా కాలవ దాటారు. ముందు అవ్వ. ఆమె బల్ల మీద అడుగు పెట్టి, ఆగి, కింద నీళ్ళ వంక చూసి, మళ్ళీ నడిచింది. ఊరి వైపు గట్టు మీద లాంతర్లు పట్టుకుని కొంతమంది నిలబడ్డారు. వాళ్ళ వంతెన ఖాళీగా ఉంది. దాన్ని కాపలా కాయటానికే వచ్చారు, కాపలా కాశారు. మేం వాళ్ళ ఎదురుగా కాలవ మీద నడిచిపోయాం.

పడవ మీద నడిచేటప్పుడు నేను సరంగు కుండ పక్కనుంచే పోయాను. దాని మీద ఎవరో గోనెపట్టా కప్పి ఉంచారు.

ఈ ముక్క ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. చదివినవాళ్ళు చప్పట్లు కొడతారు. కానీ జరిగింది ఇంకా ఉంది. ఎండెక్కకముందే పడవలు యథాప్రకారం తిప్పారు. తర్వాత సరంగు ఇద్దరు గెడవాళ్ళని పెట్టుకుని, బాల్చీలతో కాలవ నీళ్ళు చేది పడవ మొత్తం కడిగించాడు. మేం సమాధుల దగ్గర నుంచి వచ్చి గట్టున నిలబడి చూస్తానే ఉన్నాం. రాత్రి మాకు పడవ ఇచ్చినవాడే, పొద్దున మా అడుగులు కడిగాడు. రెండూ ఆయన మనస్ఫూర్తిగానే చేశాడు. ఊరి బావి దగ్గర బొక్కెన ముట్టుకోనివ్వనందుకు ఆయన ఎంత రగిలిపోయాడో నేను విన్నాను. ఆ మంట తన కుండ దాకా రాలేదు. అంబేద్కర్ మెట్ల మెట్ల అంతరం అని ఎందుకన్నాడో తర్వాత చదువుకున్నప్పుడు నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. ఆ పడవ గుర్తొచ్చింది.

ఆదివారం మధ్యాన్నం మాత్రం పండగే. పెద్దకూర, జొన్న రొట్టెలు, తాటిబెల్లం పరమాన్నం. తాడు కూలీలు, పల్లె జనం ఒకే వరసన కూర్చున్నారు. మాలోళ్ళు కూడా మా పల్లెలో కూర్చుని తిన్నారు. అది కూడా అక్కడ కొత్తే. సాయంత్రం అవ్వ మా నాయన్ని పిలిచి తన చేత్తో కల్లు పోసింది. పంతులు గారు అటు తిరిగి కూర్చున్నారు.

సోమవారం లాకు బాగయింది. ఆ రోజే షావుకారు మనిషి సైకిలేసుకుని వచ్చాడు. మునసబు ఆదివారమే కబురు పంపాడంట. పడవ ఉప్పుని మాదిగోళ్ళు తొక్కారు, ఆ ఉప్పు ఎవురు కొంటారని. ఉప్పు మీద తాటాకు కప్పి ఉంది, ఎవరి కాలూ దాని మీద పడలేదు. ఆ ఉప్పు మడిలో కాళ్ళతో తొక్కి, పారతో ఎగదోసి, నెత్తిన మోసి పడవలో పోసింది మేమే. అప్పుడు మైల పడలేదు. సరంగు మా నాయన మొహం చూడలేదు. ముందే చెప్పాడు గదా. మా నాయనకీ, ఇంకో ఇద్దరికీ అక్కడికక్కడే లెక్క తేల్చారు. మూడు రోజులు పని లేదని అంతకు ముందు వారం కూలిలో కోత కోసి ఇచ్చారు. పెదనాయన అప్పు మీద మునసబు ఇంకో ఏడు జీతం ఎక్కించాడు.

నాయన చుట్ట చుట్టిన తాడుని పడవ మొన దగ్గర పెట్టేసి వచ్చాడు. ఇంటికి నడిచే పోయాం, ఒకటిన్నర రోజు. దోవలో అమ్మ ఏడిస్తే, 'ఏడవబాకే. మూడేళ్ళకి ఒక పండగ జేసుకున్నాం. దానికి ఇంత అని రేటు కట్టారు. ఇచ్చాం' అన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ పడవ పనికి పోలేదు. పోదామన్నా ఎవరూ పెట్టుకోలేదు. పొగాకు బారెన్ల దగ్గర కట్టెలు ఎగదోసే పనికి కుదిరాడు. అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయింది. ఆ పొగాకు ఘాటు ఆమె ఊపిరితిత్తుల్లో చివరిదాకా ఉంది.

నా చదువు సాగింది. సర్టిఫికెట్టు దగ్గర ఇంకో లాకు తగిలింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం వాడు హిందువై ఉండాలి. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుణ్ణయితే నేను మాదిగని కాను. మన రాష్ట్రంలో బి.సి. 'సి' అన్నారు, ఒక్క శాతం ఇచ్చారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఈ విషయం చూడమని ఒక కమిషన్ కూడా వేసింది. నేను అడిగేది ఒకటే. ఆ ఈస్టరు రాత్రి వంతెన దగ్గర మమ్మల్ని ఎవరూ మతం సర్టిఫికెట్టు అడగలేదు. కొవ్వొత్తి పట్టుకున్న మాదిగోడు వాళ్ళకి మాదిగోడిగానే కనపడ్డాడు. పడవ కడిగిన సరంగు కూడా మేం ఏ దేవుడికి మొక్కుతామో చూసి కడగలేదు.

మా జిల్లాలు నీళ్ళ దగ్గర మమ్మల్ని మర్చిపోనివ్వలేదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలయింది చెరువు నీళ్ళ దగ్గరే. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళని నరికి, గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ వార్త విన్న రోజు నాకు అవ్వ మాట గుర్తొచ్చింది. తవ్వినప్పుడు చచ్చినోళ్ళు గట్టులో ఉన్నారు, నడిచినప్పుడు చచ్చినోళ్ళు నీళ్ళలో ఉన్నారు.

ఇప్పుడు ఆ కాలవలో తెరచాపలు లేవు. తుఫాన్లకి గట్లు తెగాయి, పూడిక నిండింది. లారీలు వచ్చాక పడవలు ఒడ్డున పడి పుచ్చిపోయాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలవల్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఎప్పుడైనా పెద్ద పడవలు తిరుగుతాయేమో, టూరిస్టులు ఎక్కి ఫోటోలు తీసుకుంటారేమో. మంచిదే. బోర్డు పెట్టేటప్పుడు గవర్నరు పేరు ఎట్లాగూ ఉంటుంది. కాక్రేన్ పేరు కూడా రాస్తారు.

మా నాయన 1996లో పోయాడు. స్నానం చేయించేటప్పుడు కుడి భుజం మీద తాడు ఒరిసిన చోట చర్మం బొబ్బట్టు మందాన నల్లగా గట్టిపడి ఉంది. తాడు వదిలి ఇరవయ్యారేళ్ళయినా పోలేదు. కాలవ తవ్విన ముత్తాత పేరు మా ఇంట్లో ఎవరికీ తెలవదు. అవ్వకి తెలుసు, మేం అడగలేదు అని కాదు, ఆమె చెప్పింది. 'పేరు పెట్టి ఎవురు పిలిసారు నాయనా? ఒరే అనేవోళ్ళంట' అంది.

చదువుకుంటున్న పిల్లలకి ఒక మాట. మీ వాడలో ఎనభై దాటినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ సెలవల్లో పోయి వాళ్ళ దగ్గర కూర్చోండి. మీ ఊరి చెరువు కట్ట, కాలవ గట్టు, రైలు కట్ట, ఆ మట్టి మోసిందెవరో అడగండి. కూలి ఎంతో అడగండి. ఎవరెవరు పోయారో అడగండి. పేరు గుర్తుంటే పేరు రాయండి. గుర్తు లేకపోతే ఎవరి తాతో, ఎవరి అవ్వో అదైనా రాయండి.